బోరు నీటిలో ఫ్లోరైడ్‌ను కొలిచే చేతి పరికరం: ప్రయోగశాల ప్రాజెక్టు డైరీ

జూన్ 10

మా పర్యావరణ విజ్ఞాన ప్రయోగశాలలో నీటిలోని ఫ్లోరైడ్‌ను కొలవడానికి ఇప్పటికే రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి ద్రావణం ఏ రంగు వెలుతురును ఎంత పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరు, రెండోది నీటిలో ముంచితే ఫ్లోరైడ్‌ను బట్టి ఓల్టేజీ మారే ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్. రెండూ నమ్మదగినవే, కానీ రెండూ బల్ల మీద నుంచి కదిలేవి కావు. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పల్లెల నుంచి నీళ్ల సీసాలు మా దగ్గరికి వస్తాయి, వాటి ఫలితం కొన్ని రోజుల తరువాత కాగితం మీద అంకెగా వెళ్తుంది. ఆ నీళ్లు పట్టిన మనిషికి, ఆ అంకెకు మధ్య ఏ సంబంధమూ మిగలదు. మిషన్ భగీరథ కుళాయిల్లో నది నీళ్లు వస్తున్నప్పటికీ, పొలాల దగ్గరా పశువుల కొట్టాల దగ్గరా, కుళాయి రాని రోజున ఇళ్లలోనూ బోరు నీళ్లు వాడేవారు ఇంకా ఉన్నారు. అందుకే బోరు గట్టు మీదనే, నీళ్లు పట్టినవారి కళ్ల ముందే కొలిచి చూపగలిగే చిన్న వర్ణమాపకాన్ని (రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పరికరాన్ని) తయారు చేయాలని నిర్ణయించుకున్నాము. ఈ పనిలో నాతో ఇద్దరు ఎమ్మెస్సీ విద్యార్థులు, ప్రయోగశాల సహాయకుడు ఉన్నారు.

ఫ్లోరైడ్ ఎక్కువున్న నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు దెబ్బతింటాయి, ఆ జబ్బే ఫ్లోరోసిస్. ఈ సమస్య మన నేలకు కొత్తది కాదు. దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌పై తొలి వైద్య నివేదిక 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే వెలువడింది. నల్లగొండ అడుగున ఉన్నది గ్రానైటు, నైస్ శిల. ఆ రాళ్లలోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం తక్కువగా, బైకార్బొనేటు ఎక్కువగా ఉన్నచోట అది అవక్షేపంగా విడిపోకుండా నీటిలోనే నిలిచిపోతుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. మా పరికరం ఈ రెండు అంకెల మధ్య తేడాను తడబడకుండా చెప్పగలగాలి. లీటరుకు 0.1 మిల్లీగ్రాము కంటే ఎక్కువ తప్పు రాకూడదన్నది మేము పెట్టుకున్న హద్దు.

జూన్ 14

పద్ధతిగా స్పాడ్న్స్‌ను ఎంచుకున్నాము. స్పాడ్న్స్ ఎర్రటి రంగు, ఆమ్ల ద్రావణంలో జిర్కోనియంతో కలిసి ఒక సంక్లిష్టంగా ఏర్పడుతుంది. ఫ్లోరైడ్ ఉన్న నీరు చేరితే, జిర్కోనియం రంగును విడిచి ఫ్లోరైడ్‌తో జతకడుతుంది, రంగు వెలిసిపోతుంది. అంటే ఫ్లోరైడ్ ఎంత ఎక్కువ ఉంటే 570 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (పసుపుపచ్చ వెలుతురు) దగ్గర ద్రావణం అంత తక్కువ వెలుతురును పీల్చుకుంటుంది, అంత ఎక్కువ వెలుతురు అవతలికి వస్తుంది. ఈ దిశను విద్యార్థుల చేత నోట్‌బుక్ మొదటి పేజీలో రాయించాను, ఎందుకంటే ముందు ముందు ప్రతి లోపాన్నీ ఈ దిశతోనే అర్థం చేసుకోవలసి ఉంటుంది. పరికరంలోకి అదనపు వెలుతురు చొరబడితే ఫ్లోరైడ్ ఎక్కువగా కనిపిస్తుంది, దీపం మందగిస్తే తక్కువగా కనిపిస్తుంది.

ఎండబెట్టిన సోడియం ఫ్లోరైడ్ 221 మిల్లీగ్రాములను లీటరు స్వేదనజలంలో కరిగించి లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న మూలద్రావణాన్ని, దాని నుంచి లీటరుకు 0, 0.2, 0.5, 0.8, 1.0, 1.4 మిల్లీగ్రాముల ప్రామాణిక ద్రావణాలను తయారు చేశాము. అన్నింటినీ గాజు సీసాల్లో కాక పాలిథిన్ సీసాల్లోనే ఉంచాము.

జూన్ 21

పెట్టె లోపలి అమరిక సాదాగానే ఉంది. ఒక వైపు ఎల్ఈడీ, మధ్యలో సెంటీమీటరు వెడల్పున్న క్యువెట్ (నమూనా పోసే చిన్న పారదర్శక పాత్ర), అవతలి వైపు వెలుతురును కరెంటుగా మార్చే బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్. డయోడ్ నుంచి వచ్చే అతి సన్నని కరెంటును ఒక ఆప్‌ఆంప్, ఒక మెగాఓమ్ నిరోధకం కలిసి ఓల్టేజీగా మారుస్తాయి, దాన్ని 16 బిట్ల ఏడీఎస్1115 చిప్ అంకెలుగా మార్చి ఆర్డ్యునో నానో అనే చిన్న కంప్యూటరు బోర్డుకు అందిస్తుంది. నానోలోని సొంత కొలమానం 10 బిట్లదే, అంటే మొత్తం 1,024 మెట్లు. మేము వెతుకుతున్న తేడాకు అది ముతక కొలత.

ప్రామాణిక ద్రావణాలతో గీసిన మొదటి క్యాలిబ్రేషన్ గీత మమ్మల్ని చాలా నిరాశపరిచింది. 0 నుంచి 1.4 వరకు వెళ్లినా వెలుతురులో మార్పు స్పెక్ట్రోఫోటోమీటరు చూపినదానిలో మూడో వంతు కూడా లేదు. రోజంతా టంకాలు వెతికాము, నిరోధకాలు మార్చాము. చివరికి మా సహాయకుడు ఎల్ఈడీని వెలిగించి, ఒక పాత సీడీ పలకను దాని ముందు వాలుగా పట్టుకుని చూశారు. పలక మీద విచ్చుకున్న రంగుల పట్టీ పచ్చ నుంచి కొంత నీలం వైపు ఒరిగి ఉంది, పసుపు వైపు దాదాపు ఏమీ లేదు. దుకాణంలో ఆకుపచ్చ ఎల్ఈడీ అని అడిగితే ఇప్పుడు ఇచ్చేది కళ్లు జిగేల్మనిపించే 525 నానోమీటర్ల రకం. మాకు కావలసింది పాత రేడియోలలో, స్టెబిలైజర్లలో మందంగా వెలిగే పసుపుపచ్చ రకం, అది 565 నుంచి 570 దగ్గర వెలుగుతుంది. మూలన పడి ఉన్న ఒక పాత సర్క్యూట్ బోర్డు నుంచి అలాంటి మూడింటిని ఊడదీసి, స్పెక్ట్రోఫోటోమీటరు సాయంతో వాటి వెలుతురును సరిచూసి, నడిమి దాన్ని బిగించాము. వెలుతురు కంటికి ఎంతో తక్కువగా కనిపించింది గానీ, గీత ఒక్కసారిగా నిటారుగా లేచింది. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్‌కు శోషణంలో (ద్రావణం వెలుతురును ఎంత పీల్చుకుందో చెప్పే అంకెలో) 0.148 మార్పు వచ్చింది.

జూన్ 23

ఆ 0.148 అంకెను పట్టుకుని చేసిన చిన్న లెక్క ఈ ప్రాజెక్టు మొత్తానికి కొలబద్ద అయింది. లీటరుకు 0.1 మిల్లీగ్రాము తేడా అంటే శోషణంలో 0.0148 తేడా. వెలుతురులో చూస్తే అది మూడున్నర శాతం. అంటే ఏ కారణం చేతనైనా వెలుతురు కొలత మూడున్నర శాతం అటూ ఇటూ అయితే, మా హద్దు అక్కడితో దాటిపోయినట్లే.

వెంటనే ఎల్ఈడీని ఆపకుండా వెలిగించి, ఎదుట స్వేదనజలం ఉన్న క్యువెట్ పెట్టి, పది నిమిషాల పాటు అంకెలను రాసుకున్నాము. ఎల్ఈడీ వేడెక్కేకొద్దీ వెలుతురు నెమ్మదిగా జారుతూ 3 శాతం తగ్గింది. క్యువెట్‌లోని నీరు మారలేదు, కానీ మా పరికరం దృష్టిలో అందులోని ఫ్లోరైడ్ 0.09 తగ్గింది. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి రాసుకుంటున్నాను. తక్కువ చూపే తప్పు, ఎక్కువ చూపే తప్పు అంకెలో సమానమైనా మనిషికి సమానం కావు. ఎక్కువ చూపితే మంచి నీటిని ఒక పూట అనుమానిస్తారు, తక్కువ చూపితే చెడ్డ నీటిని ఏళ్ల తరబడి తాగుతారు. కాబట్టి ఇక మీదట ఏ లోపం కనిపించినా, అది ఎటువైపు లాగుతుందో రాయకుండా దాన్ని లెక్కలో వేయబోము.

పరిష్కారం తేలికగానే దొరికింది. ఎల్ఈడీని నిరంతరం వెలిగించకుండా రెండు సెకన్లకోసారి సెకనులో పదో వంతు మాత్రమే వెలిగేలా ప్రోగ్రాము మార్చాము. వేడెక్కే వ్యవధి దానికి దొరకదు. ఆరిన క్షణంలో కూడా ఒక కొలత తీసుకుని, ఆ చీకటి అంకెను వెలుతురు అంకె నుంచి తీసివేస్తున్నాము. పది నిమిషాల్లో జారుడు ఇప్పుడు అర శాతం లోపే ఉంది.

జూలై 2

పెట్టెను నల్ల ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింటర్ మీద అచ్చు తీశాము. గదిలో చక్కగా పనిచేసిన పెట్టె, మేడ మీద ఎండలో పెట్టగానే చీకటి అంకెను అనేక రెట్లు పెంచేసింది. కంటికి నల్లగా కనిపించే ప్లాస్టిక్కులన్నీ పరారుణ కిరణాలను ఆపవు, మా ఫోటోడయోడ్‌కేమో 900 నానోమీటర్ల దగ్గరే చూపు అన్నింటికంటే చురుకు. చీకటి అంకెను తీసివేస్తున్నాము కాబట్టి ఫరవాలేదని ఒక విద్యార్థి అన్నారు. కానీ మబ్బు కదిలినప్పుడో, పక్కన నిలుచున్న మనిషి నీడ పడినప్పుడో, వెలుతురు కొలతకూ చీకటి కొలతకూ మధ్యలో ఎండ మారుతుంది, అప్పుడు తీసివేత తప్పుతుంది. గోడల మందం రెట్టింపు చేసి, లోపల నల్లరంగు పూసి, బయట అల్యూమినియం టేపు చుట్టి, క్యువెట్ మీద లోతుగా కూర్చునే మూత పెట్టాము. ఇప్పుడు ఎండలోనూ నీడలోనూ చీకటి అంకె దాదాపు ఒకటే.

జూలై 9

పవర్‌బ్యాంకుతో అరపూట వృథా అయింది. పరికరం చాలా తక్కువ కరెంటు వాడుతుంది కనుక, ఏ ఫోనూ తగిలించలేదనుకుని పవర్‌బ్యాంకు కాసేపటికి తనంతట తానే ఆగిపోతోంది. నాలుగు ఏఏ బ్యాటరీల గూడు అమర్చాము. పల్లెలో కిరాణా కొట్టులో కూడా దొరికేవి అవే.

జూలై 16

రంగు కలిపే పని మీదనే ఈ వారమంతా గడిచింది. ప్రామాణిక పద్ధతిలో 50 మిల్లీలీటర్ల నీటికి 10 మిల్లీలీటర్ల రీఏజెంటు (స్పాడ్న్స్, జిర్కోనియం, ఆమ్లం కలిసిన ద్రావణం), అదే నిష్పత్తిలో మేము 10కి 2 తీసుకుంటున్నాము. మేము కొలిచే రంగంతా రీఏజెంటు తెచ్చినదే గనుక, ఆ 2 మిల్లీలీటర్లలో ఒకటి రెండు శాతం తేడా వస్తే చాలు, మా 0.1 హద్దు అక్కడే కరిగిపోతుంది. రీఏజెంటు ఎక్కువ పడితే రంగు చిక్కనై ఫ్లోరైడ్ తక్కువగా కనిపిస్తుంది, అంటే మేము భయపడే వైపే. ఇద్దరు విద్యార్థులూ సిరంజితో పదేసి సార్లు నీటిని పీల్చి, త్రాసు మీద తూచి చూశారు. సిరంజి ముక్కు లోపల చిక్కుకున్న ఒక్క గాలి బుడగ, సూది కొనకు వేలాడే ఒక్క చుక్క, ఈ రెండింటితోనే మూడు నాలుగు శాతం తేడాలు వచ్చాయి. కొనకు వేలాడే చుక్క అంత పెద్దదని నేనూ అంతవరకు గమనించలేదు. బీకరు అంచుకు తాకించగానే గులాబీ రంగు చారగా జారిపోయే ఆ చుక్క ఒక్కటే త్రాసు మీద ఇరవై అయిదు మిల్లీగ్రాములకు పైగా తూగింది.

అందువల్ల బోరు దగ్గర రీఏజెంటును కొలిచే ఆలోచనే మానుకున్నాము. ప్రయోగశాలలో మైక్రోపిపెట్‌తో 2 మిల్లీలీటర్ల చొప్పున చిన్న ప్లాస్టిక్ సీసాల్లో నింపి, మూత బిగించి, ఎండ తగలకుండా నల్ల కవరులో చుట్టి తీసుకుపోతాము. రీఏజెంటులో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి చేతికి అందే పని ఎంత తగ్గితే అంత మంచిది కూడా. కొలిచాక మిగిలే ఎర్ర నీటిని ఒక డబ్బాలో పోగుచేసి వెనక్కి తెచ్చి, సున్నంతో తటస్థపరుస్తున్నాము. బోరు గట్టు మీద ఒక్క చుక్క కూడా పారబోయకూడదన్నది ఈ జట్టు నియమం.

క్లోరిన్ కలిసిన కుళాయి నీటిని ఈ విడతలో పరీక్షించడం లేదు. క్లోరిన్ ఆ రంగును తానే వెలవెలబోయేలా చేస్తుంది, దాన్ని తొలగించడానికి పద్ధతిలో చెప్పిన సోడియం ఆర్సెనైట్ విషం. దాన్ని విద్యార్థుల సంచిలో పెట్టి పల్లెకు పంపడం నాకు ఇష్టం లేదు.

ఆగస్టు 3

మొదటిసారి పల్లెకు వెళ్లాము. అయిదు బోర్లు చూశాము. మొదటి బోరు దగ్గర ఒక పెద్దాయన మేము పెట్టె తెరిచిన దగ్గర నుంచి మూసేదాకా పక్కనే కూర్చున్నారు. ఆయన మోకాళ్లు సరిగా వంగవు, అందుకని గట్టు మీద కాక ఒక ఎత్తైన రాయి మీద కూర్చున్నారు. "మొన్న ఒకలొచ్చి చూసి నీళ్లు మంచిగనే ఉన్నయని చెప్పి పోయిండ్రు బిడ్డా, మరి మీ డబ్బా ఏమంటది?" అని అడిగారు.

నీరు కలపగానే రంగు దాదాపు నారింజ చాయకు దిగింది. తెర మీద 1.9 వచ్చింది. ఆ అంకెను చెప్పడానికి నోరు తెరిచిన విద్యార్థిని ఆపవలసి వచ్చింది, ఎందుకంటే ఈ పద్ధతి నమ్మదగినది 1.4 వరకే. దాని పైన జిర్కోనియం వదలవలసిన రంగంతా దాదాపు వదిలేసి ఉంటుంది, ఫ్లోరైడ్ ఇంకెంత పెరిగినా అంకె కదలదు. అదే నీటిని ఒక పాలుకు మూడు పాళ్ల స్వేదనజలం కలిపి మళ్లీ కొలిచాము. 0.95 వచ్చింది, నాలుగు రెట్లు చేస్తే 3.8. మా పెట్టె తనంతట తానుగా ఉంటే రెండు రెట్లు తక్కువ చెప్పి ఉండేది. పెద్దాయనకు రెండు క్యువెట్లనూ పక్కపక్కన పట్టి చూపించి, రంగు ఎందుకు పోయిందో వివరించాను. ఆయన రెండింటినీ ఎండకు ఎత్తి చాలాసేపు చూశారు.

ఆ రోజు నుంచి నియమం మారింది. ప్రతి నీటినీ రెండు విధాలుగా, కలపకుండా ఒకసారి, నాలుగింతలు పలుచన చేసి ఒకసారి కొలవాలి. కలపకుండా కొలిచిన అంకె 1.2 దాటితే తెర మీద అంకె బదులు "పలుచన చేయండి" అని మాత్రమే కనిపించేలా ప్రోగ్రాము మార్చాము.

ఇంకొకటి కూడా గమనించాము. బోరు నుంచి అప్పుడే వచ్చిన నీరు గోరువెచ్చగా ఉంది, మా ప్రామాణిక ద్రావణాలు మంచు పెట్టెలో చల్లగా ఉన్నాయి. ఈ చర్య వేడిని బట్టి మారుతుంది కాబట్టి రెండింటి మధ్య తేడా రెండు డిగ్రీలకు మించకూడదు. మంచు పెట్టె ఇక అక్కరలేదు. అన్ని సీసాలనూ ఒకే బకెట్ నీటిలో అరగంట ఉంచి తరువాతే రంగు కలుపుతున్నాము.

ఆగస్టు 6

అయిదు బోర్ల నీటినీ ప్రయోగశాలలో ఎలక్ట్రోడ్‌తో సరిచూశాము. నీటికి సమానంగా టైసాబ్ ద్రావణం కలిపితే, పీహెచ్ 5 నుంచి 5.5 మధ్య స్థిరపడుతుంది, అల్యూమినియం, ఇనుము పట్టి ఉంచిన ఫ్లోరైడ్ కూడా విడుదలవుతుంది. మా ఎలక్ట్రోడ్ పదింతల మార్పుకు 57 మిల్లీఓల్టుల తేడా చూపింది, సిద్ధాంతం చెప్పే 59కి అది దగ్గరే. పెద్దాయన బోరు 3.9 అని తేలింది, మా పెట్టె 3.8 అన్నది. మరో మూడు బోర్లలో తేడా 0.1 లోపే ఉంది.

అయిదో బోరు మాత్రం ఒప్పుకోలేదు. పెట్టె 1.28 అంటే ఎలక్ట్రోడ్ 1.10 అంది. బేరియం క్లోరైడుతో చూస్తే ఆ నీటిలో సల్ఫేటు లీటరుకు 350 మిల్లీగ్రాముల దగ్గర ఉంది. సల్ఫేటు 200 ఉంటేనే స్పాడ్న్స్ 0.1 ఎక్కువ చూపుతుందన్నది తెలిసిన విషయం, కనుక ఈ తేడాకు కారణం దొరికింది. ఇది ఎక్కువ చూపే తప్పు. అయినా దాన్ని లెక్కగట్టి తీసివేసే సూత్రం ఏదీ ప్రోగ్రాములో పెట్టలేదు. సల్ఫేటును విడిగా కొలవకుండా ఊహించి తీసివేస్తే, మరో బోరు దగ్గర అదే సూత్రం తక్కువ చూపే తప్పుగా మారవచ్చు.

ఆగస్టు 19

నన్ను ఎక్కువగా కలవరపెట్టిన ప్రయోగం ఇది. నాగ్‌పూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970 దశకంలో రూపొందించిన నల్లగొండ పద్ధతి పేరు మన దగ్గర తెలియనివారు ఉండరు. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, కలియబెట్టి, తేర్చి, వడకట్టి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి అది. పటిక అంటే అల్యూమినియం. తేరిన నీటిలో అల్యూమినియం కొంత మిగిలితే, అది ఫ్లోరైడ్‌ను తనతో పట్టి ఉంచుతుంది, జిర్కోనియం దాకా పోనివ్వదు, రంగు వెలిసిపోదు. లీటరుకు 0.1 మిల్లీగ్రాము అల్యూమినియం చాలు, రీడింగును 0.1 కిందికి లాగడానికి.

1.0 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న ప్రామాణిక ద్రావణంలో కొద్దిగా పటిక కరిగించి, మా పెట్టెతో వెంటనే కొలిచాము. 0.6 వచ్చింది. అదే సీసాను కదపకుండా ఉంచి రెండు గంటల తరువాత కొలిస్తే 0.9 దాకా లేచింది, ఎందుకంటే ఆమ్లంలో అల్యూమినియం ఫ్లోరైడ్‌ను నెమ్మదిగా వదులుతుంది. ఎలక్ట్రోడ్ మాత్రం టైసాబ్‌తో మొదటి నుంచీ 1.0 చుట్టుపక్కలే చూపింది. ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి ఎంత బాగా పనిచేసిందో చూడటానికే చాలామంది పరీక్ష చేయిస్తారు. సరిగ్గా ఆ నీటి దగ్గరే ఈ పరీక్ష, లేని మెరుగుదలను చూపే ప్రమాదం ఉంది. పెద్దాయన చెప్పిన "మంచిగనే ఉన్నయి" అన్న మాట వెనుక ఏం జరిగిందో నాకు తెలియదు, కానీ తొందరపాటు కొలత ఎలా ఉంటుందో ఈ సీసా చూపింది. పటికతో శుద్ధి చేసిన నీటికి ఈ పెట్టెను వాడరాదని మూత లోపలి వైపు తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాము.

సెప్టెంబరు 7

రెండోసారి అదే పల్లెకు వెళ్లాము. ఈసారి ఎలక్ట్రోడ్ ఫలితాలను కూడా చేతిలో పట్టుకునే వెళ్లాము. ప్రతి అయిదు నమూనాలకు ఒకసారి 1.0 ప్రామాణిక ద్రావణాన్ని మధ్యలో కొలిచి, అది 0.9కీ 1.1కీ మధ్య రాకపోతే అంతకు ముందు చేసినవన్నీ మళ్లీ చేశాము. రోజు మొత్తంలో ఒక్కసారే అలా జరిగింది, క్యువెట్ పక్కన వేలిముద్ర అంటుకుని ఉంది.

పెద్దాయన తన బోరు గట్టు మీద అంకె రాయమన్నారు. ఇంట్లోంచి తెల్ల సున్నం, కుంచె తెప్పించారు. 3.9 అని, పక్కన తేదీ రాశాము. అది చాలదన్నారు, అంకె కంటే పెద్దగా "తాగొద్దు" అని కూడా రాయించారు. అయిదో బోరు యజమాని తమ గట్టు మీద కూడా రాయమని అడిగారు గానీ, ఆ నీటిలో సల్ఫేటు వానాకాలం నీటితో మారుతుందేమో చూడవలసి ఉంది. మరో రెండు నమూనాలను ఎలక్ట్రోడ్‌తో కొలిచిన తరువాతే రాస్తామని చెప్పి, లీటరు సీసా నిండా నీళ్లు పట్టుకుని వచ్చాము.